వైద్యం విడిచి మైదానాలు తీర్చిన డాక్టర్ మెకెంజీ

మెకెంజీ అనగానే మన సభ్యులలో చాలామందికి కైఫీయత్తులు గుర్తుకు వస్తాయి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన గ్రామాల చరిత్రలను సేకరించిన కర్నల్ కాలిన్ మెకెంజీ 1821లోనే గతించారు. ఈ వ్యాసం ఆయన గురించి కాదు. ఆయనలాగే స్కాట్లాండు మూలాలున్న మరొక మెకెంజీ గురించి. ఈయన పేరు ఆలిస్టర్. చదివింది వైద్యం, పేరు తెచ్చుకున్నది గోల్ఫ్ మైదానాలు తీర్చిదిద్దడంలో.

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని సంపాదకులు అడిగినప్పుడు నేను ఈ పేరు చెబితే, పెన్షనర్లకు గోల్ఫ్ ఎందుకండీ అని ఒక మిత్రుడు నవ్వారు. నిజమే, అది మన జీతాలకు అందిన ఆట కాదు. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన, విశాఖలో ఈస్ట్ పాయింట్ దగ్గర గోల్ఫ్ మైదానాలున్నా, మనలో ఎక్కువమంది వాటిని గోడ బయటనుంచి చూసినవాళ్ళమే. అయినా రాస్తున్నాను. మనలో చాలామందిని 58 ఏళ్ళకు పూలదండ వేసి ఇంటికి పంపారు. ఈ పెద్దమనిషి చేసిన గొప్ప పనులు దాదాపు అన్నీ 55 దాటాక చేసినవే. అదొక కారణం. రెండో కారణం ఆయన పట్టుకున్న సూత్రం. అది ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

ముందుగా ఆట సంగతి రెండు ముక్కల్లో. పూర్తి మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. హోల్ అంటే గుంట అని అర్థమైనా, ఆటగాళ్ళు ఆ మాటను మొదటి దెబ్బ కొట్టే చోటినుంచి గుంట దాకా ఉన్న మొత్తం దారికి వాడతారు. బయలుదేరే చోటు టీ. మధ్యలో కత్తిరించిన పచ్చిక దారి ఫెయిర్‌వే. చివర తివాచీలా నున్నగా ఉండే చోటు గ్రీన్, గుంట అందులో ఉంటుంది. దారిలో అక్కడక్కడ ఇసుక గోతులు తవ్వుతారు, వాటిని బంకర్లు అంటారు. బంతి అందులో పడితే బయటికి తీయడానికే ఒకటి రెండు దెబ్బలు ఖర్చవుతాయి. ఒక్కో హోల్‌ను మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో ఒక లెక్క ఉంది, 3 గాని 4 గాని 5 గాని. దాన్ని పార్ అంటారు. ఇంత తెలిస్తే ఈ వ్యాసానికి చాలు.

మెకెంజీ 1870 ఆగస్టు 30న ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు నార్మన్‌టన్‌లో పుట్టారు. తండ్రి స్కాట్లాండు ఉత్తరభాగం నుంచి వచ్చి స్థిరపడిన డాక్టరు. కొడుకూ అదే దారిన కేంబ్రిడ్జిలో వైద్యం చదివి, దక్షిణాఫ్రికాలో బోయర్ల యుద్ధం జరుగుతున్నప్పుడు సర్జన్‌గా వెళ్ళారు. గాయాలకు కట్లు కట్టడం ఆయన ఉద్యోగం, కాని కళ్ళు మరొకటి గమనించాయి. బోయర్లు రైతులు. సంఖ్యలో తక్కువ. అయినా బ్రిటిష్ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. వాళ్ళ కందకాలు నేలలో కలిసిపోయి దగ్గరకు వచ్చేదాకా కనబడేవి కావు. కనబడే చోట ఉత్తుత్తి కందకాలు ఉండేవి. నేలకు అబద్ధం చెప్పించవచ్చు అన్న సంగతి ఆ డాక్టరు మనసులో పడింది.

తిరిగి వచ్చి లీడ్స్ నగరంలో ప్రాక్టీసు పెట్టారు. గోల్ఫ్ ఆడేవారు గాని గొప్పగా కాదు. ఆ మాటకొస్తే, తన ఆట అంతంతమాత్రం కావడమే ఆయనకు ఉపకరించిందని నా అభిప్రాయం. ఛాంపియన్లు మైదానం గీస్తే తమలాంటివాళ్ళకే గీస్తారు. అప్పట్లో ఎక్కువగా జరుగుతున్నదీ అదే. ఫెయిర్‌వేకి అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఇసుక గొయ్యి తవ్వేవారు. బలమున్నవాడు దాటించేవాడు, లేనివాడు ప్రతిసారీ అందులో పడేవాడు. వృద్ధుడికి, కొత్తవాడికి అది ఆట కాదు, శిక్ష. బలమున్నవాడికైనా అందులో ఆలోచించేదేముంది? ఉన్నది ఒకటే దారి.

1907లో లీడ్స్ దగ్గర ఆల్‌వుడ్లీ క్లబ్ మొదలైనప్పుడు మెకెంజీ దాని గౌరవ కార్యదర్శి. మైదానం ఎలా ఉండాలో తన ఊహలు కమిటీ ముందు పెట్టారు. కమిటీలు ఎక్కడైనా కమిటీలే. డాక్టరు గారి ఊహలు వారికి వింతగా తోచి, అనుభవజ్ఞుడైన హ్యారీ కోల్ట్‌ను సలహాకు పిలిపించారు. ఈ కోల్ట్ కూడా సొలిసిటరు వృత్తి వదిలి మైదానాల పనిలోకి వచ్చిన మనిషి. ఆయన వచ్చి చూసి, డాక్టరు చెప్పినదే సరైనదన్నారు. పై అధికారి సంతకం పడితే కింది గుమాస్తా నోటుకు విలువ వచ్చినట్టు, కమిటీ ఒప్పుకుంది. మెకెంజీ వయసు అప్పుడు 37.

ఏడేళ్ళకు, 1914లో, కంట్రీ లైఫ్ అనే ఇంగ్లీషు పత్రిక ఒక పోటీ పెట్టింది. పార్ 4 హోల్ ఒకటి కాగితం మీద గీసి పంపాలి. గెలిచిన హోల్‌ను న్యూయార్క్ దగ్గర లిడో అనే కొత్త మైదానంలో కడతారు. బహుమతి మెకెంజీకి వచ్చింది. ఆయన గీసిన పటంలో టీ నుంచి గ్రీన్‌కు ఒక దారి కాదు, అనేక దారులు ఉన్నాయి. బాగా బలమున్నవాడు ప్రమాదాన్ని నేరుగా దాటితే తర్వాతి దెబ్బ సులువవుతుంది. అంత బలం లేనివాడికి కొంచెం పక్కగా ఇంకో దారి. ముసలాయనకు చుట్టు తిరిగిపోయే క్షేమమైన దారి. ఒక దెబ్బ ఎక్కువ పడుతుంది, అంతే గాని గోతిలో పడి పరువు పోదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లిడో మైదానం మూతపడింది. తరువాత 2023లో అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో దానికి నకలుగా మరో మైదానం తెరిచారు.

పోటీ అయిన ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మెకెంజీ మొదట వైద్యుడిగానే వెళ్ళి, తరువాత ఇంజనీర్ల దళానికి మారారు. బోయర్ల దగ్గర నేర్చుకున్న విద్య, అంటే కందకాలను, ఫిరంగి స్థానాలను శత్రువు కంటికి కనబడకుండా నేలలో కలిపేసే విద్య, సైన్యానికి నేర్పడం ఆయన పని. చేతిలో డిగ్రీ ఉండి, తండ్రి నిలబెట్టిన ప్రాక్టీసు ఉండి, యుద్ధం ముగిశాక ఆయన వైద్యానికి తిరిగి పోలేదు. 50 ఏళ్ళ ముంగిట వృత్తి మార్చుకున్నారు. ఇంట్లో వాళ్ళు ఏమన్నారో గాని, మన ఇళ్ళల్లో అయితే ఏమనేవారో మనకు తెలుసు.

దీనికి ఆయన చెప్పుకున్న సమాధానం వైద్యుడి సమాధానమే. ఆరుబయట గాలిలో, మనసుకు ఇష్టమైన ఆట ఆడుతూ నడిచేవాడికి మందుల అవసరం తగ్గుతుందని, సీసాలలో పోసి ఇచ్చే మందుకంటే మంచి మైదానం ఎక్కువమందికి మేలు చేస్తుందని ఆయన గట్టిగా నమ్మారు. అయితే విసుగు పుట్టించే మైదానానికి మనిషి రెండోసారి రాడు. కనుక మైదానం ఆనందంగా ఉండటం అలంకారం కాదు, వైద్యంలో భాగం.

1920లో గోల్ఫ్ మైదానాల నిర్మాణం మీద చిన్న పుస్తకం రాశారు. అందులో మంచి మైదానానికి 13 లక్షణాలు చెప్పారు. అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను, నాకు నచ్చినవి చెబుతాను. ఒక గ్రీన్ ముగిశాక తరువాతి టీ దగ్గరగా ఉండాలి, ఊరికే నడిపించరాదు. నేలలో ఎత్తుపల్లాలు ఉండాలి గాని మనిషిని కొండ ఎక్కించకూడదు. పోయిన బంతిని గడ్డిలో వెతుక్కునే చిరాకు ఉండకూడదు. ప్రతి హోల్‌కు వేరే స్వభావం ఉండాలి. మనిషి చేసిన గుట్ట ఏది, దేవుడు చేసిన గుట్ట ఏది అన్నది కొత్తవాడికి తెలియకూడదు. సాహసం చేయదలచినవాడికి దాటవలసిన అడ్డంకి ఉండాలి, దాటలేనివాడికి ఒక దెబ్బ నష్టంతో మరో దారి తప్పక ఉండాలి. ఎంత చెడ్డగా ఆడేవాడైనా సంతోషంగా ఇంటికి పోవాలి, ఎంత గొప్పవాడికైనా బుర్రకు పని ఉండాలి.

దాపరికం విద్యను ఆయన ఇక్కడ తిరగేసి వాడారు. సైన్యంలో ప్రమాదాన్ని కనబడకుండా దాచడం పని, మైదానంలో లేని ప్రమాదాన్ని ఉన్నట్టు చూపడం పని. గ్రీన్‌కు చాలా ముందుగా ఉన్న బంకరు దూరంనుంచి చూస్తే గ్రీన్‌ను ఆనుకుని ఉన్నట్టే కనబడుతుంది. ఆటగాడు భయపడతాడు. భయపడుతూనే కొడతాడు. బంతి దాటి పోతుంది. అసలు కష్టం కంటే పెద్ద కష్టాన్ని గెలిచానన్న సంతోషం మిగులుతుంది. ఆయన బంకర్ల అంచులు గుండ్రంగా ఉండవు, గాలికి, వానకు కోసుకుపోయిన ఏటి గట్టులా వంకరటింకరగా ఉంటాయి.

ఈ పాఠాలన్నిటికీ ఆయన గురువుగా భావించింది మనిషిని కాదు, ఒక చోటును. స్కాట్లాండులో సముద్రపు ఒడ్డున ఉన్న సెయింట్ ఆండ్రూస్ పాత మైదానం. దానిని ఏ ఒక్కరూ కూర్చుని గీయలేదు. ఇసుక దిబ్బలు, సముద్రపు గాలి, శతాబ్దాల ఆట కలిసి తయారుచేసుకున్నాయి. అది ఊరివారిది. ఆదివారాలు మామూలుగా అక్కడ ఆట ఉండదు, ఊరి జనం నడకకు వస్తారు. అందులో ఒక తమాషా ఉంది. 14 హోల్స్‌కు కలిపి ఏడే గ్రీన్లు, ఒక్కో దాన్ని రెండేసి హోల్స్ పంచుకుంటాయి. పంచుకునే రెండింటి అంకెలు కూడితే ప్రతిసారీ 18 వస్తుంది: 2వది 16తో, 3వది 15తో, అలా.

మెకెంజీ ఆ మైదానాన్ని అడుగడుగునా కొలిచి, ప్రతి బంకరును గుర్తించి, 1924లో ఒక పటం పూర్తిచేశారు. నూరుకు పైగా ఉన్న బంకర్లలో చాలావాటికి పేర్లున్నాయి. అన్నింటిలోకీ పెద్ద పేరున్నదాని పేరు నరకం. అది 14వ హోల్‌లో ఉంది. ఆ ఒక్క హోల్‌నే నాలుగు రకాల దారుల్లో ఆడవచ్చని ఆయన తరువాత బొమ్మ వేసి చూపించారు. ఏ దారి మంచిదన్నది ఆటగాడి బలాన్ని, ఆనాటి గాలివాటాన్ని బట్టి ఉంటుంది. నిన్న మంచిదైన దారి ఇవాళ కాకపోవచ్చు. అందుకే వందసార్లు ఆడినవాడికి కూడా అది కొత్తగానే ఉంటుంది. సర్వే పటాలు చూసీ చూసీ కళ్ళు అరగదీసుకున్న మన రెవెన్యూ మిత్రులకు ఆ పటం మీద నేను చెప్పనక్కరలేని గౌరవం కలుగుతుంది. అది ఇప్పటికీ ఫ్రేములు కట్టించుకుని గోడలకు తగిలించుకునే పటం.

1926లో, 56వ ఏట, ఓడ ఎక్కి ఆస్ట్రేలియా వెళ్ళారు. రాయల్ మెల్బోర్న్ క్లబ్ పిలిచింది. ఆయన అక్కడ ఉన్నది కొన్ని వారాలే. గీసి, చెప్పి, నమ్మకస్తులకు అప్పగించి కదిలారు. అలెక్స్ రస్సెల్ అనే అక్కడి ఛాంపియను, మిక్ మోర్కమ్ అనే మైదానం పెద్ద కలిసి ఆ పని నాలుగేళ్ళకు పైగా నడిపి 1931కి పూర్తిచేశారు. ఆ పశ్చిమ మైదానాన్ని ఇప్పటికీ ప్రపంచంలోని ఉత్తమమైన వాటిలో చెబుతారు. రస్సెల్, మోర్కమ్ పేర్లు పెద్దగా ఎవరూ తలవరు, కనుక ఇక్కడ రాశాను.

అక్కడినుంచి న్యూజిలాండు, ఆ తరువాత అమెరికా. కాలిఫోర్నియా తీరంలో సైప్రస్ పాయింట్ అనే చోట కొండరాళ్ళు, సముద్రం, ఇసుక దిబ్బలు, గాలికి వంగిన చెట్లు ఒకే చోట ఉన్నాయి. ఆ మైదానం 1928లో తెరిచారు. అందులో 16వ హోల్ గురించి గోల్ఫ్ తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. టీ మీద నిలబడితే ఎదురుగా సముద్రపు పాయ, దాని ఆవల రాతి ముక్కు మీద గ్రీన్. మధ్యలో 200 గజాలకు పైగా అలలు. ఇంత దూరం దాటించడం సాధ్యమా అని అనుమానం వచ్చినప్పుడు మేరియన్ హాలిన్స్ అనే ఆమె అక్కడే బంతి పెట్టి ఆవలికి కొట్టి చూపించారని చెబుతారు. ఆమె 1921 అమెరికా మహిళల ఛాంపియను, ఆ మైదానం కట్టించే పని చూసిన మనిషి. ఆ హోల్ ఘనత తనది కాదని, హాలిన్స్‌దని మెకెంజీ స్వయంగా రాశారు. ఇంకొకరి నోటు మీద తమ పేరు వేసుకునే అధికారులను చూసిన మనకు ఇది చిన్న విషయంగా తోచదు.

అయితే ఆ హోల్‌లో మెకెంజీ సూత్రం ఎక్కడుంది? సముద్రాన్ని దాటలేనివాడి సంగతి ఏమిటి? ఎడమ వైపు చూస్తే నేల ఉంది. అటు కొద్ది దూరం కొట్టి, అక్కడినుంచి రెండో దెబ్బకు గ్రీన్ చేరవచ్చు. 3 బదులు 4 పడుతుంది. సాహసం చేసినవాడికి జీవితాంతం చెప్పుకునే కథ, చేయనివాడికి క్షేమం. ఎడమ వైపు ఆ నేలే లేకపోతే ఆ హోల్ చూడడానికి అందంగా ఉండేది గాని, మామూలు మనిషి ఒకసారి ఆడి మళ్ళీ వచ్చేవాడు కాదు.

1929లో అప్పటి మేటి ఆటగాడు బాబీ జోన్స్ ఆ పక్కనే పెబుల్ బీచ్‌లో జరిగిన జాతీయ అమెచ్యూర్ పోటీలో తొలి రౌండులోనే ఓడిపోయారు. చేతిలో మిగిలిపోయిన రోజుల్లో సైప్రస్ పాయింట్‌లో ఆడారు. సెప్టెంబరు 8న శాంటాక్రూజ్ దగ్గర మెకెంజీ గీసిన పాసాటీంపో మైదానం ప్రారంభోత్సవంలోనూ ఆడారు. అలా కుదిరిన స్నేహం అది. మరుసటి ఏడు జోన్స్ నాలుగు పెద్ద పోటీలూ గెలిచి, 28 ఏళ్ళకే పోటీల నుంచి విరమించుకున్నారు. చదివింది న్యాయశాస్త్రం. సొంత రాష్ట్రం జార్జియాలో ఒక మైదానం కట్టాలని కోరిక. అగస్టా ఊరిలో పూర్వం పూల, పండ్ల మొక్కల నర్సరీగా ఉన్న 365 ఎకరాలు దొరికాయి. ఎంతటి డిజైనరునైనా పెట్టుకోగల జోన్స్, డాక్టర్ మెకెంజీని పిలిచారు.

ఇద్దరి ఆలోచనా ఒకటే. బంకర్లు తక్కువ పెట్టారు, తెరిచిననాటికి 22 మాత్రమే. ఫెయిర్‌వేలు వెడల్పు. వెడల్పుగా ఉంటే సులువు అనుకుంటాం గాని, ఏ పక్క నిలబడి గ్రీన్‌కు కొట్టాలన్నది ముందే ఆలోచించుకోకపోతే దండగ. 13వ హోల్ దీనికి చక్కని ఉదాహరణ. పార్ 5, ఎడమకు వంపు తిరుగుతుంది. ఎడమ పక్కన వాగు, అదే వాగు చివర గ్రీన్ ముందుకు వస్తుంది. వాగును ఆనుకుని కొట్టినవాడికి రెండో దెబ్బకే గ్రీన్ అందే ఆశ పుడుతుంది. ఆశపడి కొడితే వాగు దాటాలి. ఓపిక పట్టి ఇవతలే ఆగితే మూడో దెబ్బకు నింపాదిగా చేరవచ్చు. ఎవరి శక్తి వారే తూచుకోవాలి, ఎవరూ బలవంతపెట్టరు.

కాలం మాత్రం కలిసిరాలేదు. అది ఆర్థిక మాంద్యం. క్లబ్బులో చేరేవాళ్ళు లేరు, డబ్బు లేదు. మెకెంజీ తన రుసుము తగ్గించుకున్నారు. ఆ తగ్గించినది కూడా పూర్తిగా చేతికి రాలేదు. ప్రపంచంలోని మేటి మైదానాలు గీసిన మనిషి చివరి రోజుల్లో బాకీ కోసం ఉత్తరాలు రాసుకోవలసి వచ్చింది. ఎరియర్స్ బిల్లు కోసం ఎదురుచూస్తూ కన్నుమూసిన మన సహోద్యోగులు మనకు గుర్తే కదా. 1932లో మైదానం పని సాగుతుండగా ఆయన చివరిసారి అగస్టా వచ్చారు. అప్పటికి పచ్చిక మొలవలేదు. ఎర్రమట్టి నేలను చూసి వెళ్ళారు, పచ్చని మైదానాన్ని చూడనేలేదు.

పాసాటీంపోలో 6వ హోల్ పక్కన ఇల్లు కట్టుకుని ఉండేవారు. 60 దాటాక ఆయన సొంత ఆట మెరుగుపడిందట. 1934 జనవరి 6న, 63వ ఏట, అక్కడే పోయారు. అస్థికలను ఆ మైదానం మీదనే చల్లారు. సరిగ్గా రెండు నెలలకు పైచిలుకు గడిచాక, మార్చిలో, అగస్టాలో మొదటి పోటీ జరిగింది. ఇప్పుడు ఏటా ఏప్రిల్‌లో టీవీలో చూపించే మాస్టర్స్ పోటీ అదే. అమెరికాలో ఉన్న మన పిల్లలకు దాని పేరు బాగానే తెలుసు, గీసినాయన పేరు అడిగితే చాలామంది తడుముకుంటారు.

ఆయన చివరి రోజుల్లో రాసిన మరో పుస్తకం రాతప్రతి సుమారు 60 ఏళ్ళు కనబడకుండా పోయింది. కుటుంబంలోని వారికి పాత కాగితాల్లో దొరికి 1995లో అచ్చయింది. దానికి పేరు ఆయన గురువుగా భావించిన సెయింట్ ఆండ్రూస్ మీదనే ఉంది.

ఇక ఆ 13వ హోల్ సంగతి. కొత్త కర్రలు, కొత్త బంతులు, వ్యాయామంతో గట్టిపడిన కుర్రవాళ్ళు వచ్చాక వంపునూ వాగునూ లెక్కచేయకుండా మొదటి దెబ్బే చాలా దూరం పోతోంది. రెండో దెబ్బకు ఆలోచించేదేమీ లేకుండా పోయింది. దానితో క్లబ్బువారు పక్క క్లబ్బు నుంచి కొంత స్థలం కొని, 2023లో టీని 35 గజాలు వెనక్కి జరిపారు. 510 గజాల హోల్ 545 గజాలైంది. ఇప్పుడు మళ్ళీ ఆటగాళ్ళు వాగుకు ఇవతల ఆగి, కర్ర మీద చెయ్యి వేసి, కొట్టనా వద్దా అని ఆలోచిస్తున్నారు.